దీనుల దుఃఖమునకు మూలము వెదకిన మహాత్మ జ్యోతిరావు ఫూలే

ఒకే ఊరిలో ఒకే వాన కురియును, ఒకే ఎండ కాయును. అయినను కరవు వచ్చినప్పుడు కొందరి గాదెలు నిండియే యుండును, కొందరి పొయ్యిలో పిల్లి లేవదు. ఒకే రోగము ఊరంతటికి సోకినను ముందుగా ఏడుపు వినవచ్చునది పేదవాని గుడిసెనుండియే. దీనిని తలవ్రాత యని సరిపుచ్చుకొనుట లోకరీతి. అట్లు సరిపుచ్చుకొనక, పేదల దైన్యమునకు కారణము వారి నొసటి వ్రాత కాదనియు, చదువు లేమి, నీటి లేమి, తీరని అప్పు, కులము పేరిట జరుగు అణచివేత, పాలకుల నిర్లక్ష్యము అనునవియే అసలు కారణములనియు గ్రహించి, ఆ కారణములను తొలగించుటకు యావజ్జీవము పాటుపడిన మహనీయుడు మహాత్మ జ్యోతిరావు ఫూలే. ఆ పుణ్యపురుషుని జీవితము నేటికిని మననము చేయదగినది.

పుట్టుక, విద్యాభ్యాసము

ఫూలే పూర్వికులది సతారా ప్రాంతమందలి కట్గుణ్ గ్రామము. వారి అసలు ఇంటిపేరు గోర్హే. మాలి కులస్థులు. పూనా నగరము చేరిన పిదప వారు పీష్వాల కొలువునకు పూలు సమకూర్చుచు వచ్చుటచే ఫూలే అను పేరు స్థిరపడెను. గోవిందరావు, చిమ్నాబాయి దంపతులకు 1827 ఏప్రిల్ 11వ తేదీన జ్యోతిరావు జన్మించిరి. బిడ్డకు ఏడాది నిండకమునుపే తల్లి కన్నుమూసెను. దగ్గరి బంధువైన సగుణాబాయి ఆ తల్లిలేని బిడ్డను కన్నబిడ్డవలె పెంచెను.

గోవిందరావు కుమారుని బడికి పంపెను గాని, శూద్రుల బిడ్డకు చదువేల యని చుట్టుపట్లవారు చెప్పిన మాటలకు లోబడి నడుమనే మాన్పించెను. బాలుడు పలుగు పారతో తోటపనికి దిగెను. పగలు మడి దున్ని, రాత్రి దీపము ముందు పుస్తకము పట్టుకొని కూర్చుండు ఆ బాలుని శ్రద్ధ ఇరుగుపొరుగున నున్న గఫార్ బేగ్ మున్షీ, లిజిట్ దొర అను వారి కంటబడెను. వారు తండ్రికి నచ్చజెప్పగా 1841లో జ్యోతిరావు స్కాటిష్ మిషన్ పాఠశాలలో చేరి 1847 నాటికి ఆంగ్ల విద్య ముగించిరి. ఒక మహమ్మదీయుడు, ఒక క్రైస్తవుడు పూనుకొననిచో ఆ మేధ తోటలోనే అణగిపోయెడిది. మరెందరు బాలుర మేధ అట్లు అణగిపోయినదో యను చింత ఆయనను జీవితాంతము విడువలేదు.

నాటి ఆచారము ననుసరించి 1840లో, తమ పదుమూడవ యేట, నాయ్‌గావ్ గ్రామమునకు చెందిన సావిత్రీబాయిని వివాహమాడిరి. ఆమె 1831 జనవరి 3న జన్మించినది. పెండ్లినాటికి ఆమెకు అక్షరము రాదు. భర్తయే ఆమెకు గురువయ్యెను.

కనువిప్పు కలిగించిన అవమానము

1848లో ఒక బ్రాహ్మణ మిత్రుని పెండ్లి ఊరేగింపులో జ్యోతిరావు పాల్గొనిరి. ఆయన కులమును గుర్తించిన కొందరు తమతో సమానముగ నడచుటకు ఎంత ధైర్యమని నలుగురిలో అవమానించిరి. ఇంగ్లీషు చదువు చదివి, మనుష్యుల హక్కులను గూర్చి థామస్ పేన్ వ్రాసిన గ్రంథమును పఠించిన యువకుడు ఆయన. ఆ అవమానమును తన ఒక్కని బాధగా ఎంచి మరచిపోవుటగాని, పగ పెంచుకొనుటగాని ఆయనకు సరిపడలేదు. తనకే ఇట్టి గతియైనచో, ఊరి వెలుపల నివసించు మహరులు, మాంగుల గతి ఏమి? చదువు చెప్పుట పాపమని ఇంటిలో మూయబడిన స్త్రీల గతి ఏమి? ఈ ప్రశ్నలు ఆయనను పనికి పురికొల్పెను.

బడులు, వాని వలన వచ్చిన కష్టములు

అహమ్మద్‌నగరమున అమెరికన్ మిషన్ వారు నడుపుచుండిన బాలికల పాఠశాలను చూచి వచ్చి, 1848లో పూనాయందు భిడే వారి వాడలో బాలికలకై పాఠశాల తెరచిరి. తల్లి చదువుకొనినచో బిడ్డకు బుద్ధియు ఆరోగ్యమును రెండును అలవడునని ఆయన విశ్వాసము. బోధించుటకు ఉపాధ్యాయినులు దొరకని కాలమగుటచే సావిత్రీబాయియే ఆ భారమును వహించిరి. ఆమె బడికి పోవు దారిలో కొందరు బురద, పేడ విసరిరి. ఆమె వెనుదీయలేదు.

బంధువుల, కులపెద్దల ఒత్తిడికి తాళలేక 1849లో గోవిందరావు కొడుకును కోడలిని ఇల్లు విడువుమనెను. కట్టుబట్టలతో వెడలిన ఆ దంపతులకు ఉస్మాన్ షేక్ అను మిత్రుడు ఆశ్రయమిచ్చెను. ఆ ఇంటి ఆడపడుచు ఫాతిమా షేక్ సావిత్రీబాయికి తోడై బోధించెను. సదాశివ గోవండే, మోరో విఠల్ వాల్వేకర్ మొదలగు బ్రాహ్మణ మిత్రులును ఈ కార్యమునకు అండగా నిలిచిరి. జ్యోతిరావు ఎదిరించినది ఆధిపత్యమునే గాని ఏ వ్యక్తినీ కాదనుటకు ఈ మైత్రియే తార్కాణము. 1852 నాటికి బాలికల బడులు మూడు నడచుచుండెను. ఆ సంవత్సరము నవంబరులో ప్రభుత్వము ఆయనను పూనాలో బహిరంగముగ సత్కరించెను. అదే కాలమున అస్పృశ్య బాలబాలికల కొఱకును బడులు తెరువబడెను.

అయితే ఒక విషయము ఆయన దృష్టిని దాటిపోలేదు. బడి తెరచినంత మాత్రమున పేదవాడు చదువుకొనలేడు. పగలంతయు కూలి చేసినగాని సాయంకాలము గంజి దొరకని వానికి పగటి బడి ఏమి ప్రయోజనము? అందువలన 1855లో కూలీలకు, రైతులకు రాత్రి పాఠశాలను తన ఇంటనే ఏర్పరచిరి. చదువునకు కులము ఒక అడ్డు, ఆకలి రెండవ అడ్డు. రెండును తొలగిననే గాని అక్షరము అబ్బదని ఆయన అనుభవమున తెలిసికొనిరి.

నీరు, నీడ

ఆ కాలమున పై వర్ణముల వితంతువులకు పునర్వివాహము లేదు. పసితనముననే వైధవ్యము పొందిన బాలికలు ఇంటి మగవారి మోసమునకు గురియై గర్భవతులైనచో ఆత్మహత్యయో, శిశుహత్యయో తప్ప వేరు దారి యుండెడిది కాదు. వారిని నిందించువారే గాని ఆదుకొనువారు లేరు. 1863లో ఫూలే దంపతులు శిశుహత్యల నివారణకై ఒక గృహమును స్థాపించిరి. ఏ వితంతువైనను అచటికి గుప్తముగ వచ్చి సురక్షితముగ ప్రసవించి, ఇష్టమైనచో బిడ్డను అచటనే విడిచి పోవచ్చును. ఏ వర్ణమువారు తమను పరాభవించిరో ఆ వర్ణపు ఆడుబిడ్డలకే ఆ దంపతులు పురుడు పోసిరి. సంతానము లేని వారు అట్టి ఒక బ్రాహ్మణ వితంతువు కుమారుని 1874లో దత్తత తీసికొని యశ్వంతుడని పేరిడి వైద్యవిద్య చెప్పించిరి.

నీటి విషయమున నాటి దుస్థితి చెప్పనలవి కాదు. అస్పృశ్యులకు ఊరి బావి లేదు, చెరువు లేదు. ఎవరైన దయతలచి పోసినగాని గొంతు తడియదు. శుభ్రతలేదని వారిని దూరముంచువారే, శుభ్రపడుటకు వలసిన నీటిని వారికి అందకుండ చేయుచుండిరి. 1868లో జ్యోతిరావు తన ఇంటి నీటితొట్టిని అస్పృశ్యులకు తెరచిరి. చూచుటకు చిన్న పనియే. కాని అది కులమువారి వెలికి ఒడిగట్టి చేసిన పని.

కూలీల నడుమ, రైతుల నడుమ

జ్యోతిరావు సంఘసేవను జీవనోపాధిగ చేసికొనలేదు. వ్యవసాయము చేసిరి, లోహపు పోతపనికి వలయు సామాగ్రి అమ్మిరి, కట్టడములకు గుత్తేదారుగ నుండిరి. పూనా సమీపమున ఖడక్‌వాస్లా ఆనకట్ట నిర్మాణము జరుగునప్పుడు రాయి మొదలగు సామాగ్రిని సరఫరా చేసిరి. ఎండలో రాళ్లు కొట్టు కూలీల బ్రతుకు, వారి కూలిలో కోతలు, పనులలో ఉద్యోగుల లంచగొండితనము ఆయన కన్నులార చూచినవే. ఆయన రచనలలోని బలము గ్రంథములనుండి వచ్చినది కాదు, ఈ అనుభవమునుండి వచ్చినది.

దక్కను రైతుల స్థితి ఆ దినములలో మిక్కిలి శోచనీయముగ నుండెను. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా అచటి ప్రత్తి ఆంగ్లదేశమునకు చేరక, మన ప్రత్తికి గిరాకి హెచ్చెను. ఆ మురిపెమున వడ్డీ వ్యాపారులు రైతులకు ధారాళముగ అప్పులిచ్చిరి. యుద్ధము ముగియగనే ధర పడిపోయెను. అదే తరుణమున, 1867లో, ప్రభుత్వము భూమిశిస్తును పెక్కు తాలూకాలలో సగమునకు పైగ పెంచెను. పంట పండినను పండకున్నను శిస్తు రొక్కముగ చెల్లింపవలెను. రైతు అప్పు చేసెను. చదువు రాకపోవుటచే ఏమి వ్రాసిరో తెలియని పత్రముపై వ్రేలిముద్ర వేసెను. కోర్టు ఆ పత్రమును నమ్మెనే గాని రైతును నమ్మలేదు. తుదకు 1875 మే నెలలో పూనా జిల్లాలోని సూపే గ్రామమున రైతులు తిరుగబడి అప్పుపత్రములను తగులబెట్టిరి. ఆ అలజడి అహమ్మద్‌నగర్ జిల్లాకును ప్రాకెను. ప్రభుత్వము విచారణసంఘమును వేసి 1879లో దక్కను రైతుల ఉపశమన చట్టమును చేసెను. ఆ రైతులు తగులబెట్టినవి ముఖ్యముగ కాగితములు. అక్షరజ్ఞానము లేనివానికి కాగితమే సంకెలయైన వైనము ఇందు తేటపడుచున్నది.

సత్యశోధక సమాజము

1873లో జ్యోతిరావు గులాంగిరి యను గ్రంథమును ప్రకటించిరి. బానిసత్వమును రూపుమాపిన అమెరికా ప్రజలకు దానిని అంకితము చేసిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 24న పూనాలో సత్యశోధక సమాజమును స్థాపించిరి. మనుష్యునికి దైవమునకు నడుమ మధ్యవర్తి అక్కరలేదనియు, మానవులెల్లరు ఒకే తండ్రి బిడ్డలనియు ఆ సమాజపు మూలసూత్రము. కొద్దిపాటి ఖర్చుతో, పురోహితుడు లేకుండ, వధూవరుల పరస్పర ప్రమాణములతో పెండ్లిండ్లు జరిపించిరి. ఇందులో ధర్మదృష్టితోపాటు గృహస్థుని మేలును ఇమిడియున్నది. పెండ్లికి, చావుకు చేసిన అప్పే పేదరైతును తరతరములు పీల్చివేయుచుండెను గదా!

ఈ సమాజమునకు తెలుగువారి తోడ్పాటు లభించినదని తెలిసికొనుట మనకు సంతోషకరము. బొంబాయి నగర నిర్మాణమునకై వలసపోయిన తెలుగువారిని అచట కామాఠీలని పిలిచెడివారు. కామాఠీపుర మను పేట వారి వలననే ఏర్పడినది. వారిలో గుత్తేదార్లుగా పైకివచ్చిన రామయ్య వెంకయ్య అయ్యవారు మొదలగువారు సత్యశోధక సమాజమునకు అండగానుండి ధనసాయము చేసిరి.

కరవు కాలము

1876 మొదలు 1878 వరకు దక్షిణ భారతమును మహాక్షామము పీడించెను. బొంబాయి, మద్రాసు రాజధానులు, హైదరాబాదు, మైసూరు సంస్థానములు దానికి గురియయ్యెను. మన రాయలసీమ జిల్లాలును అల్లాడినవి. బ్రిటిషు పాలిత ప్రాంతములలో 50 లక్షలకు పైగా ప్రజలు మరణించిరని అంచనా. ధాన్యము దేశమునుండి ఎగుమతి అగుచునే యుండెను. కొనుటకు పేదవాని చేత కాసు లేదు. కరవు పనులలో కూలి తగ్గించి, దినమునకు సుమారు ఒక పౌను ధాన్యము, స్వల్పపు రొక్కముతో సరిపెట్టగా బొంబాయి రాజధానిలో కూలీలు పని విడిచి వెడలిపోయిన సంఘటనలును జరిగెను.

1877లో సత్యశోధక సమాజము పూనా సమీపమున ధన్‌కవడీలో విక్టోరియా బాలాశ్రమమను శిబిరమును తెరచి, క్షామపీడితుల బిడ్డలకు అన్నము పెట్టెను. జ్యోతిరావు విరాళములకై విన్నపములు పంపగా సావిత్రీబాయి శిబిరముల బాగోగులు చూచిరి. తల్లిదండ్రులు ఎటుపోయిరో తెలియని పసివారికి కులమడుగకుండ ఒకే పంక్తిని వడ్డించిరి.

1876 నుండి 1882 వరకు ఆయన పూనా పురపాలక సంఘ సభ్యులుగ నుండిరి. 1880లో రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు రాక సందర్భమున నగర అలంకరణకు వేయి రూపాయలు ఖర్చుచేయ తలపెట్టగా, ఆ సొమ్ము పేదల చదువునకు వినియోగింపవలెనని ఆయన ఒక్కరే వ్యతిరేకముగ నిలిచిరి. నగరమున సారాయి దుకాణములు పెరిగిపోవుటను గూర్చియు అదే సంవత్సరము తీవ్రముగ నిరసన తెలిపిరి. త్రాగుబోతును తిట్టుట సులభము. వాడ వాడకు దుకాణమునకు అనుమతి నిచ్చి రాబడి కూర్చుకొను ప్రభుత్వమును నిలదీయుటకు గుండె కావలెను.

రైతు పక్షమున కలము

1882లో విద్యావిషయములను విచారించుటకు హంటర్ సంఘము వచ్చినప్పుడు జ్యోతిరావు ఒక విన్నపమును సమర్పించిరి. ప్రభుత్వపు రాబడిలో అధికభాగము రైతు చెమటనుండి వచ్చుచుండగా, విద్యపై చేయు ఖర్చు మాత్రము పై తరగతులవారికి ఉన్నతవిద్య నొసగుటకే పోవుచున్నదనియు, పైన పోసిన నీరు క్రిందికి ఇంకునట్లు విద్య తానై క్రిందివారికి చేరునను సిద్ధాంతము వట్టిదనియు అందు వాదించిరి. పండ్రెండేండ్ల వయస్సు వరకు ప్రాథమిక విద్యను నిర్బంధము చేయవలెననియు, ఉపాధ్యాయులకు తగిన జీతమీయవలెననియు, సేద్యము, పరిశుభ్రత, ఆరోగ్యము పాఠములలో చేర్చవలెననియు కోరిరి. విద్యను, ఆరోగ్యమును, జీవనోపాధిని విడదీయక ఒకటిగ చూచిన దూరదృష్టి అది.

1883లో శేత్కర్యాచా ఆసూడ్ అను గ్రంథము వ్రాసిరి. రైతు చేతి కొరడా యని దాని అర్థము. పుట్టుక మొదలు చావు వరకు, చచ్చిన పిదపను, కర్మకాండల పేరిట రైతు ఇంటినుండి ధనము ఎట్లు జారిపోవుచున్నదో, కచేరీలలో గుమాస్తాల చేత ఎట్లు చిక్కుచున్నాడో, అటవీశాఖ పచ్చిక బీళ్లను ఆక్రమింపగా పశువులు ఎట్లు నశించెనో, ఆంగ్లదేశపు యంత్రవస్తువుల ధాటికి నేతగాండ్రు, చేతిపనివారు ఎట్లు వీధిపాలైరో అందు వివరించిరి. రైతు గుడిసె, అతని చినిగిన గుడ్డ, అతని పస్తులు, అతని బిడ్డల స్థితి అందు కన్నులకు కట్టును.

రోదించుటతో ఆయన ఆగలేదు. మందును చెప్పిరి. వాననీటితో సారవంతమైన మన్ను కొట్టుకొనిపోకుండ అడ్డుకట్టలు కట్టవలెను. పనిలేక యున్న సిపాయిలను, పోలీసులను ఆ పనికి నియోగింపవలెను. చెరువులు, కాలువలు బాగుచేసి ప్రతి రైతునకు పొలమునకు తగిన నీరందింపవలెను. పశువుల, గొఱ్ఱెల జాతిని మెరుగుపరుపవలెను. పచ్చిక బీళ్లు రైతులకు తిరిగి ఈయవలెను. ఏటేట వ్యవసాయ ప్రదర్శనలు జరిపి మంచి రైతులకు బహుమానము లొసగవలెను. వీనిలో పెక్కింటిని మన ప్రభుత్వములు ఎన్నో దశాబ్దముల తరువాత పథకములుగ చేపట్టినవి.

ఆంగ్లేయుల రాకవలన చదువు ద్వారములు తెరచుకొనినవని ఆయన మెచ్చుకొనిరి. ఆ మెప్పును నాడే కొందరు తప్పుపట్టిరి. అయితే అదే ప్రభుత్వము రైతును పీల్చు విధమును ఆయన ఏమాత్రము దాచక బయటపెట్టిరి. 1888లో విక్టోరియా రాణి కుమారుడు కన్నాట్ ప్రభువు గౌరవార్థము జరిగిన విందునకు, అలంకరించుకొని వచ్చిన ప్రముఖుల నడుమకు, చినిగిన రైతు వేషమున వచ్చి, దేశమన ఈ నగలు కాదు, ఆ గుడ్డపేలికలని చూపించిరి.

నూలుమిల్లుల కార్మికులు

జ్యోతిరావు సహచరుడు నారాయణ మేఘాజీ లోఖండే బొంబాయి నూలుమిల్లుల కార్మికులను కూడగట్టెను. సూర్యోదయము మొదలు సూర్యాస్తమయము వరకు, వారములో ఏడు దినములు, స్త్రీలు బాలురు సైతము యంత్రముల ముందు నిలువవలసిన కాలమది. 1884లో లోఖండే 5,500 మంది కార్మికుల సంతకములతో విన్నపమును సిద్ధపరచెను. వారమున కొకదినము సెలవు, నడుమ అరగంట విశ్రాంతి, వేళకు జీతము, పనిలో గాయపడినవారికి పరిహారము అందలి కోరికలు. 1890లో ఆదివారపు సెలవు లభించెను. నేడు మనమనుభవించు ఆదివారము వెనుక ఈ పోరాటమున్నదని ఎందరికి తెలియును?

చివరి దినములు

1888 మే 11న బొంబాయిలో ప్రజలు ఆయనకు మహాత్మ యను బిరుదు నొసగిరి. ఆ సంవత్సరముననే పక్షవాతము వచ్చి కుడిభాగము పడిపోయెను. కుడిచేయి చచ్చినను పని ఆగలేదు. ఎడమచేతితో వ్రాత నేర్చుకొని సార్వజనిక సత్యధర్మ పుస్తకమును పూర్తిచేసిరి. అది ఆయన మరణానంతరము 1891లో వెలువడెను. ఒకనాడు గుత్తేదారుగ సంపాదించినదంతయు సంఘకార్యములకు హరించుకుపోగా, చివరి దినములు ధనపుటిబ్బందులలోనే గడచెను. 1890 నవంబరు 28న ఆయన పరమపదించిరి. దత్తపుత్రుని హక్కును బంధువులు కాదనగా, సావిత్రీబాయి తామే కుండ పట్టుకొని శవయాత్రకు ముందు నడచిరి. స్త్రీ అట్లు నడచుట నాటి సంఘము కనివిని యెరుగదు.

1897లో పూనాను ప్లేగు ముట్టడించెను. వైద్యుడైన యశ్వంతునితో కలిసి సావిత్రీబాయి నగరము వెలుపల రోగులకు వైద్యశాల తెరచిరి. రోగి యనగనే కన్నవారే వదలిపోవు వేళ, ఆమె అస్పృశ్య బాలకునొకని వీపున మోసికొని వైద్యశాలకు చేర్చిరి. ఆ సేవలోనే ఆమెకు ప్లేగు సోకి 1897 మార్చి 10న అసువులు బాసిరి. దంపతులిరువురి జీవితములు ఒకే వ్రతము.

డాక్టర్ అంబేద్కర్ బుద్ధుని, కబీరును, ఫూలేను తన ముగ్గురు గురువులుగ భావించిరి. శూద్రుల పుట్టుపూర్వోత్తరములను గూర్చి తాము 1946లో ప్రకటించిన గ్రంథమును ఫూలేకే అంకితమొనర్చిరి.

పేదవాని కడుపునొప్పికి మందునిచ్చుట దయ. అతడు త్రాగు నీటిని, తిను తిండిని, ఉండు గుడిసెను, మోయు అప్పును, చదువని బడిని చూచి, అచ్చట మందు వేయుట ధర్మము. జ్యోతిరావు ఈ రెండవ దారిని నడచిరి. ఆయన తన ఇంటి నీటితొట్టిని తెరచి నూటయేబది యేండ్లు దాటినవి. మన ఊళ్లలో ఏ గడపకు నీరు ఆలస్యముగ చేరుచున్నదో, ఏ ఇంటి బిడ్డ బడి మాని పనికి పోవుచున్నదో ఎవరికి వారు తమ వీధిలో చూచుకొనిన చాలును. ఆ మహాత్మునికి అంతకు మించిన నివాళి లేదు.